అరుణాచలంలో పెరిగిన ఆడమ్ ఆస్‌బోర్న్

విద్యార్థి సంఘం వారు ఈ యేటి సావనీరుకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి ఇవ్వమని అడిగినప్పుడు, నేను సురవరం ప్రతాపరెడ్డి గారి గురించో బూర్గుల రామకృష్ణారావు గారి గురించో రాస్తానని వాళ్లు అనుకొని ఉంటారు. మన పాలమూరు పెద్దల గురించి రాయడం నాకూ ఇష్టమే. కానీ వాళ్ల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు ఈ కాలేజీలోనే చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకున్న మనిషి వేరు. చేత్తో పట్టుకొని పోగలిగే కంప్యూటరును మొట్టమొదట జనం కొనేటట్టు చేసినవాడు ఆయన. పుట్టింది బ్యాంకాకులో, పేరు తెచ్చుకున్నది అమెరికాలో, పెరిగింది మాత్రం మనవాళ్లు నెలనెలా పౌర్ణమికి బస్సులు కట్టుకొని పోయే అరుణాచలంలో. పేరు ఆడమ్ ఆస్‌బోర్న్.

ఈయన గురించి రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో బీరువా కింది అరలో ఒక రేకు బిస్కెట్ డబ్బా ఉంది. అందులో 14 ఫ్లాపీలున్నాయి. వాటి సంగతి చివరికి చెప్తాను. ముందు ఆ ఫ్లాపీలను సంచిలో వేసుకొని ఊరూరా తిరిగే అలవాటును లోకానికి నేర్పిన మనిషి కథ చెప్పాలి.

ఆడమ్ ఆస్‌బోర్న్ 1939 మార్చి 6న బ్యాంకాకులో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ ఇంగ్లీషువాడు, అక్కడి చూలలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు లెక్చరర్. తల్లి లూసియా పోలండు దేశస్థురాలు. భార్యాభర్తలిద్దరికీ తూర్పు దేశాల తత్త్వచింతన మీద మక్కువ ఎక్కువ. రమణ మహర్షి గురించి తెలుసుకొని, 1941లో సెలవు మీద హిందూదేశం వచ్చారు. సెలవు తీరినంక ఆర్థర్ ఒక్కడే ఉద్యోగానికి తిరిగి పోయాడు. పెండ్లాం పిల్లలు తిరువణ్ణామలైలోనే ఉండిపోయారు. ఆ యేడు డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగింది. ఆర్థర్ జపానువాళ్ల చేతికి చిక్కి, యుద్ధం అయిపోయేదాకా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. మనిషి బతికి ఉన్నాడో లేడో ఇంట్లోవాళ్లకు తెలియని కాలం అది.

అప్పటి రమణాశ్రమం ఎట్లా ఉండేదో మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. రమణులకు భగవాన్ రమణ మహర్షి అనే పేరు పెట్టినవారే మన కావ్యకంఠ గణపతి ముని. ఆశ్రమంలోని రోజువారీ ముచ్చట్లను అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాసి పంపిన సూరి నాగమ్మ గారు కూడా ఆ కాలంలోనే అక్కడ ఉన్నారు. ఆ తెలుగు, తమిళ, మలయాళ జనం మధ్యలో ఈ తెల్లపిల్లలు పెరిగారు. ఆడమ్ తమిళం ఆ ఊరి పిల్లల్లాగే గడగడా మాట్లాడేవాడట. తన తండ్రిని క్షేమంగా తిరిగి తెప్పించమని ఆ పసివాడు మహర్షిని అడిగాడనీ, ఆయన చిరునవ్వుతో తల ఊపారనీ ఆ కుటుంబం వారు చెప్పుకున్నారు. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం నాయన కోసం ఎదురుచూసే ఒక పిల్లవాడు అందులో కనపడతాడు. యుద్ధం ముగిసిన 1945లో ఆర్థర్ ప్రాణాలతో తిరిగి వచ్చాడు.

ఆడమ్ కొడైకెనాల్‌లోని ప్రెజెంటేషన్ కాన్వెంటులో ఆరో తరగతి దాకా చదివాడు. పదకొండేళ్ల వయసులో ఇంగ్లండు పంపించారు. 1961లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి కెమికల్ ఇంజనీరింగులో పట్టా తీసుకొని, అమెరికా చేరి, డెలవేర్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశాడు. కాలిఫోర్నియాలో షెల్ చమురు కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఒక సాధారణ మనిషికి ఇంతకంటే ఏం కావాలె? కానీ ఆయనకు ఆ కొలువు నచ్చలేదు. 1970ల మొదట్లో దాన్ని వదిలిపెట్టి, కంప్యూటర్ల మీద సులభమైన ఇంగ్లీషులో పుస్తకాలు రాసే పని పెట్టుకున్నాడు.

అది పెద్ద తెగింపే. ఎందుకంటే అప్పటికి కంప్యూటరంటే గదినిండా పట్టే యంత్రం, దాని వెనుక తెల్లకోట్లు వేసుకున్న ఇంజనీర్లు. ఒక మనిషికి ఒక కంప్యూటరు అనే మాట వింటే నవ్వేవారు. మైక్రోప్రాసెసరు అనే చిన్న చిప్పు వచ్చినంక కొద్దిమంది కుర్రవాళ్లు ఇంటికాడ సొంతంగా కంప్యూటర్లు బిగించుకోవడం మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలో వాళ్లంతా కూడే సంఘం ఒకటి ఉండేది, దాని పేరు హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు. ఆస్‌బోర్న్ తన పుస్తకాలను అట్టపెట్టెలో పెట్టుకొని ఆ సమావేశాలకు పోయి అమ్ముకునేవాడు. మైక్రోకంప్యూటర్లను పరిచయం చేస్తూ ఆయన రాసిన పుస్తకాన్ని ముందు పబ్లిషరు వద్దంటే తానే అచ్చువేసుకున్నాడు. అది లక్షల ప్రతులు పోయిందని చెప్తారు. 1979లో తన ప్రచురణ సంస్థను మెక్‌గ్రా-హిల్ వారికి అమ్మేశాడు. పత్రికల్లో శీర్షికలు రాస్తూ, ఏ కంపెనీ చెప్పింది చేయలేదో మొహమాటం లేకుండా ఎత్తిచూపేవాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పుస్తకాలు అమ్మిన పైసలతో ఆయన కంప్యూటరు కంపెనీ పెట్టాడు. ఆలోచన చాలా సాదాది. కంప్యూటరు మనిషి వెంట పోవాలె. విమానంలో సీటు కింద పట్టాలె. కొన్న రోజే పని మొదలుపెట్టేటట్టు సాఫ్ట్‌వేరు దాంతోపాటే రావాలె. అన్నింట్లో గొప్పగా ఉండనక్కరలేదు, పని గడిస్తే చాలు అన్నది ఆయన సిద్ధాంతం. లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరు యంత్రాన్ని తయారుచేశాడు. 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ప్రదర్శనలో ఆస్‌బోర్న్ 1 అనే పేరుతో దాన్ని జనం ముందు పెట్టారు.

చూడడానికి అది మూతపెట్టిన కుట్టు మిషనులాగా ఉంటుంది. బరువు సుమారు 11 కిలోలు. మూత ఊడదీస్తే మూతే కీబోర్డు. మధ్యన అయిదంగుళాల బుల్లి తెర, వరుసకు 52 అక్షరాలే కనపడతాయి. లోపల జైలాగ్ జెడ్-80 చిప్పు, 64 కిలోబైట్ల జ్ఞాపకం. బ్యాటరీ లేదు, గోడకు తగిలించాల్సిందే. ధర 1,795 డాలర్లు. దాంతోపాటు వచ్చే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ వంటి ప్రోగ్రాముల ఖరీదే విడిగా కొంటే 1,500 డాలర్ల దాకా అవుతుంది. కొనేవాళ్లు ఎగబడ్డారంటే ఆశ్చర్యమేముంది? మంచి ఊపులో ఉన్నప్పుడు నెలకు 10,000 యంత్రాల దాకా అమ్ముడయ్యాయి.

ఆ తెరకు అటొకటి ఇటొకటి రెండు ఫ్లాపీ డ్రైవులుండేవి. వాటి కింద ఫ్లాపీలు దాచుకోవడానికి రెండు అరలు. యంత్రం లోపల హార్డ్ డిస్కు లేదు. కరెంటు తీస్తే లోపలిదంతా పోతుంది. మనిషి చేసిన పని నిలిచేది ఆ అయిదుంబావు అంగుళాల ఫ్లాపీల మీదే. సన్నని ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడు పూత, పైన చతురస్రపు కవరు, అదే ఫ్లాపీ అంటే. మొదటి ఆస్‌బోర్న్‌లో ఒక్కో ఫ్లాపీ మీద పట్టేది 92 కిలోబైట్లకు అటు ఇటు. నేటి యూనికోడ్ లెక్కన నేను రాస్తున్న ఈ వ్యాసంలాంటివి రెండు పడితే గొప్ప. అయినా అది జేబులో పెట్టుకొని పోగల జ్ఞాపకం. యంత్రాన్ని ఒకచోట ఉంచి, పనిని ఇంకోచోటికి తీసుకుపోవచ్చు. నేటి పిల్లలు పెన్‌డ్రైవు తాళంచెవుల గుత్తికి కట్టుకొని తిరగడం వెనక ఉన్నది ఈ ఆలోచనే.

అందులో ఒక చిక్కు కూడా మొదటినుంచీ ఉంది. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ ఫ్లాపీ మీద ఒక్కో పద్ధతిలో రాసేది. ఆస్‌బోర్న్‌లో రాసిన ఫ్లాపీని పోటీ కంపెనీ కేప్రో యంత్రంలో పెడితే, ఆకారం ఒకటే అయినా మామూలుగా అది చదవలేకపోయేది. ఫ్లాపీ యంత్రాన్ని విడిచి బయటికి రాగలదే గానీ, చదవాలంటే మళ్లీ ఆ యంత్రం నోట్లోనే పెట్టాలె. ఈ చిక్కును అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఇగ ఆస్‌బోర్న్ పతనం గురించి. 1982లో కేప్రో వాళ్లు తొమ్మిదంగుళాల తెరతో 1,595 డాలర్లకే అలాంటి యంత్రం తెచ్చారు. ఐబీఎం పీసీ అప్పటికే బజారులో ఉంది. ఆస్‌బోర్న్ తన తర్వాతి యంత్రం ఎగ్జిక్యూటివ్ ఎంత బాగుంటుందో, అది దుకాణాలకు చేరకముందే చెప్పుకొచ్చాడు. కొత్తది వస్తుందంటే పాతది ఎవరు కొంటారు? దుకాణదారులు ఆర్డర్లు ఆపుకున్నారు. 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. రెండున్నర ఏండ్లలో ఆకాశానికి పోయి నేల మీద పడింది. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్నే ఆస్‌బోర్న్ ఎఫెక్ట్ అని చెప్తారు. మన ఎంబీఏ విద్యార్థులు పరీక్షల్లో రాస్తూనే ఉంటారు. అయితే ఆ కంపెనీలో పనిచేసినవాళ్లలో కొందరు ఈ కథను పూర్తిగా ఒప్పుకోరు. పోటీ యంత్రం మెరుగ్గా ఉండడం, లోపల లెక్కలు అదుపు తప్పడం అసలు కారణాలంటారు. రెండూ నిజమే కావచ్చు. ఇతర కంపెనీలు మాట నిలుపుకోవడం లేదని పత్రికల్లో ఎత్తిచూపిన మనిషే, తన దగ్గరికి వచ్చేసరికి చేతికి రాని వస్తువు గురించి ముందే మాట్లాడాడు. అది మాత్రం కాదనలేము.

ఆయన కూలబడి కూచోలేదు. 1984లో తన కంపెనీ పెరిగి పడిపోయిన కథను జాన్ డ్వొరాక్‌తో కలిసి పుస్తకంగా రాశాడు. అదే యేడు పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ పెట్టి, సాఫ్ట్‌వేరును కూడా మామూలు పుస్తకంలాగా చౌకగా అమ్మాలని చూశాడు. వాళ్ల లెక్కల ప్రోగ్రాము లోటస్ 1-2-3ని పోలి ఉందని లోటస్ కంపెనీ 1987లో దావా వేసింది. 1990లో తీర్పు ఆస్‌బోర్న్ సంస్థకు వ్యతిరేకంగా వచ్చింది. దాంతో ఆ ఇల్లూ కూలింది.

ఆ తర్వాత ఆయనకు ఆరోగ్యం చెడింది. మెదడుకు వరుసగా చిన్న చిన్న స్ట్రోకులు వచ్చాయి. 1992లో అమెరికా విడిచి, కొడైకెనాల్‌లో ఉంటున్న తన తోబుట్టువు దగ్గరికి వచ్చేశాడు. చిన్నప్పుడు కాన్వెంటులో చదివిన కొండ ఊరు అది. లోకానికి జేబులో పట్టే జ్ఞాపకాన్ని అమ్మిన మనిషి, అక్కడ పదేండ్లకు పైగా జబ్బుతో, పత్రికలకు పేరు కూడా పట్టకుండా బతికాడు. 2003 మార్చి 18న నిద్రలోనే కన్నుమూశాడు. అప్పటికి వయసు 64. మన హైదరాబాదులో హైటెక్ సిటీ వెలిగిపోతున్న రోజులవి. పక్క రాష్ట్రంలో లాప్‌టాప్ తాతముత్తాత చనిపోయాడని మనలో ఎంతమందిమి గమనించాము? నేనైతే గమనించలేదు.

ఇప్పుడు నా బిస్కెట్ డబ్బా సంగతి. 1998లో నేను ఎం.ఫిల్. పని మీద పాలమూరు లేబర్ గురించి సమాచారం పోగుచేశాను. మక్తల్, నారాయణపేట వైపు ఊర్లూ, నల్లగొండలో దేవరకొండ వైపు తండాలూ తిరిగాను. 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ కాడ రాయి మోసినవాళ్లు, గుంపు మేస్త్రీల వెంబడి దేశమంతా కట్టలు కట్టడానికి పోయి వచ్చినవాళ్లు 31 మంది నాతో మాట్లాడారు. అడ్వాన్సు ఎంత ఇచ్చేవారు, కట్ట కాడ గుడిసెల్లో కాన్పులు ఎట్లా అయ్యేవి, సచ్చినవాళ్లను యాడ పూడ్చిపెట్టారు, అన్నీ చెప్పారు. వాళ్లలో ఎక్కువమందికి సంతకం రాదు. వాళ్ల జీవితం గురించి రాసి ఉన్న కాగితం రేషను కార్డు ఒక్కటే.

నేను హైదరాబాదులో ఒక పాత లాప్‌టాప్ కొనుక్కున్నాను. మూడు కిలోల పైన బరువు, బ్యాటరీ పనిచేయదు. పక్కన ఒక అర ఉండేది. అందులో ఫ్లాపీ డ్రైవు, అది లాగేసి సీడీ డ్రైవు కూడా దూర్చుకోవచ్చు. ఆ అర లాగి పెట్టినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు నాకు ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. ఊర్లో నోటుపుస్తకాల్లో రాసుకొని, రాత్రి కరెంటున్నప్పుడు తెలుగు ఫాంటులో టైపుచేసి ఫ్లాపీల్లో వేసుకునేవాణ్ణి. ఒక్కో ఫ్లాపీ 1.44 మెగాబైట్లు. మొత్తం 14 ఫ్లాపీలయ్యాయి. పని అయినంక నోటుపుస్తకాలను కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వేసేశాను. అంతా కంప్యూటర్లో ఉంది కదా అన్న ధీమా.

ఆ లాప్‌టాప్ రెండేండ్లకే చెడిపోయింది. ఫ్లాపీలు డబ్బాలో ఉండిపోయాయి. లోకం పెన్‌డ్రైవులకు మారింది. జపానులో సోనీ కంపెనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. నాకు చీమకుట్టినట్టు కూడా లేదు.

2014లో ఒక పౌర్ణమికి గిరిప్రదక్షిణకు పోయి, రమణాశ్రమం పుస్తకాల షాపులో ఆర్థర్ ఆస్‌బోర్న్ రాసిన రమణుల జీవితచరిత్ర కొన్నాను. అది మొదట 1954లో అచ్చయిన పుస్తకం. ఆయన కొడుకే ఆస్‌బోర్న్ కంప్యూటరు చేసినవాడని వెంట వచ్చిన మిత్రుడు చెప్పినప్పుడు, నాకు మొదట తట్టింది నా బిస్కెట్ డబ్బానే. అరవై ఏండ్ల కిందటి తండ్రి పుస్తకం నా చేతిలో ఉంది, కళ్లద్దాలు పెట్టుకుంటే చదువుకోవచ్చు. కొడుకు నేర్పిన దారిలో నేను పదహారేండ్ల కింద దాచింది చదవగలనా?

తిరిగి వచ్చి, సికింద్రాబాదు సీటీసీలో వెతికి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు ఒకటి సంపాదించాను. అయిదు ఫ్లాపీలకు బూజు పట్టింది, అవి గరగరమని చప్పుడు చేశాయే గానీ తెరుచుకోలేదు. తొమ్మిది తెరుచుకున్నాయి. సంతోషం ఎక్కువసేపు నిలువలేదు. తెర మీద తెలుగు లేదు, పిచ్చిగీతల్లాంటి ఇంగ్లీషు గుర్తులున్నాయి. ఆ కాలంలో ఒక్కో తెలుగు ఫాంటు ఒక్కో తీరుగా అక్షరాలను ఇంగ్లీషు గుర్తుల స్థానంలో కూర్చేది. ఆ ఫాంటు లేకపోతే లోపలున్నది ఏ భాషో కూడా తెలియదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన టైపు పని అటు మళ్లడానికి చాలా ఏండ్లు పట్టింది. చివరికి నా పాత థీసిస్‌లో అచ్చయిన పేజీలను పక్కన పెట్టుకొని, ఏ గుర్తు ఏ అక్షరమో ఒక్కొక్కటిగా పోల్చి, మన ఎంసీఏ విద్యార్థి ఒకతను మార్పిడి పట్టిక తయారుచేశాడు. నాలుగు నెలలు పట్టింది. 19 మంది మాటలు తిరిగి వచ్చాయి. 12 మందివి రాలేదు.

ఆ మరుసటి యేడు మక్తల్ వైపు నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన తండ్రి సాగర్ కాడ పనిచేసినవాడు, అప్పటికే చనిపోయాడు. ఆ ముసలాయన నాకు ఏం చెప్పాడో వినాలని, పిల్లలకు చూపించాలని ఆయన కోరిక. నేను పట్టిక తెరిచి చూశాను. ఆయన తండ్రి పేరు ఆ పన్నెండు మందిలో ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆయన కోపం చేసుకోలేదు. కొంచెంసేపు కూచొని, చాయ తాగి, మా నాయన మాట్లాడినప్పుడు నవ్విండా సారూ అని మాత్రం అడిగి పోయాడు. నవ్వాడని చెప్పాను. అది నాకు గుర్తుంది.

ఇందులో ఆస్‌బోర్న్ తప్పేమీ లేదు. ఆయన మోసుకుపోయే వీలు కల్పించాడు, దాచిపెడతానని మాట ఇవ్వలేదు. మోసుకుపోవడమూ దాచుకోవడమూ ఒకటే అనుకున్నది నేను. ఫ్లాపీ కానీ, సీడీ కానీ, పెన్‌డ్రైవు కానీ, ఇప్పుడు మీరంతా నమ్ముకున్న క్లౌడ్ కానీ, ఏదీ దానంతట అది జ్ఞాపకం కాదు. కొన్నేండ్లకొకసారి ఒక మనిషి పనిగట్టుకొని పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎత్తిపోస్తేనే అది బతుకుతుంది. మన పెద్దలు తాటాకు గ్రంథాలు శిథిలం కాకముందే కొత్త ఆకుల మీద రాయించుకున్నది అందుకే.

సోదర విద్యార్థులారా! మీరు ప్రాజెక్టు వర్కు పేరుతో ఊర్లకు పోతారు, ముసలివాళ్లను అడిగి రికార్డు చేసుకుంటారు. పని అయినంక ఒక ప్రతి కాగితం మీద తీసి, మన కాలేజీ లైబ్రరీలో ఒకటి, ఆ ఊరి బడిలో ఒకటి, మాట్లాడినవాళ్ల ఇంట్లో ఒకటి ఇవ్వండి. నోటుపుస్తకాలు అమ్ముకోకండి. తిరిగి వచ్చిన ఆ 19 మంది మాటలను నేను అచ్చు తీయించి వాళ్ల ఇండ్లకు చేర్చాను. తెరుచుకోని అయిదు ఫ్లాపీలను పారేయలేదు. మీలో ఎవరైనా వాటిని చదివించగల ఉపాయం కనిపెడితే, డబ్బా మీ చేతిలో పెడతాను. మక్తల్ దారి నేను చూపిస్తాను.